నాలుగేళ్లు కళ్ల ముందే చీలిన యురేనియం

1934లో రోమ్‌లో యురేనియం కేంద్రకం చీలింది. ఆ తర్వాత బెర్లిన్‌లో చీలింది, పారిస్‌లో చీలింది. ఒక్కసారి కాదు, ప్రయోగం పెట్టిన ప్రతిసారీ చీలుతూనే ఉంది. ఆ ముక్కలు పరీక్షనాళికల్లో ఉన్నాయి. వాటి నుంచి వచ్చే కిరణాలను కౌంటర్లు లెక్కపెట్టాయి. ఆ లెక్కలు పేపర్లుగా అచ్చయ్యాయి. రాసినవాళ్లు అప్పటికి ఆ విద్యలో ప్రపంచంలో అందరికంటే ముందున్నవాళ్లు. అయినా 1938 డిసెంబర్ దాకా అది చీలుతోందని ఒక్కరూ పోల్చుకోలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చెల్లెలి కూతురు వరండాలో కూర్చుని ఫిజిక్స్ బిట్లు చదువుకుంటోంది. ఇంటర్ సెకండియర్. "మామయ్యా, న్యూక్లియర్ ఫిషన్ కనిపెట్టింది హాన్, స్ట్రాస్‌మన్. ఇయర్ 1938 పెట్టాలా, 1939 పెట్టాలా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది" అని అడిగింది. ప్రయోగం 1938 డిసెంబర్‌లో, పేపర్ అచ్చయింది 1939 జనవరిలో అని చెప్పాను. "ఓకే" అని తర్వాతి బిట్‌కి వెళ్లిపోయింది. పిల్ల తప్పేం లేదు. పరీక్షలో అడిగేది అంతే, మా రోజుల్లో మాకు చెప్పిందీ అంతే. కానీ ఆ రోజంతా నా మనసులో అదే మెదులుతూ ఉంది.

ఈ కథలో పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఆ నాలుగున్నరేళ్ల పొరపాటు గురించి అని నేను గట్టిగా నమ్ముతాను. అంత గొప్పవాళ్లు ఎదురుగా ఉన్నదాన్ని ఎందుకు చూడలేకపోయారు? చివరికి వాళ్ల కళ్లు ఎలా తెరుచుకున్నాయి? యురేనియంలో బేరియం అనే చాలా తేలికైన మూలకం దొరకడం ఒక పని. దొరికిందంటే కేంద్రకం చీలిందని, ఎలా చీలిందో, ఎంత శక్తి వస్తుందో అర్థం చేసుకోవడం ఇంకో పని. మన బిట్ ఈ రెండింటినీ ఒకటి చేసేసి, రెండో పని చేసినవాళ్లను బయట నిలబెట్టింది.

నేను ఫార్మా ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ కథ నాకు ఇంతగా పట్టుకోవడానికి అదీ ఒక కారణం. చాలా ఏళ్ల కిందట, అప్పుడు పనిచేసిన కంపెనీలో, ఒక మందు బ్యాచ్‌లను హెచ్‌పీఎల్‌సీలో (మందులోని పదార్థాలను విడదీసి గ్రాఫుగా చూపే యంత్రం) పెట్టి చూస్తుంటే గ్రాఫులో ఒక చిన్న పీక్ వచ్చేది. ఉండకూడని చోట, చీమ తలకాయంత. "కాలమ్ పాతబడింది, దాని నుంచే వస్తోంది" అన్నారు పైవాళ్లు. కాలమ్ అంటే ఆ యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టం. నిజంగానే కాలమ్ పాతదే. కాబట్టి ఆ మాట మాకు సరిపోయింది. వరసగా నాలుగు బ్యాచ్‌లకు నేనూ సంతకం పెట్టాను. ఐదో బ్యాచ్ టైమ్‌లో కొత్త కాలమ్ వేశాం. పీక్ అక్కడే ఉంది. ముడిసరుకు ఇచ్చేవాళ్లు మారారని, వాళ్ల సరుకులోనే ఒక ఇంప్యూరిటీ ఉందని అప్పుడు తేలింది. ఆ పీక్‌ను మేం చూడకపోలేదు. రోజూ చూస్తూ దానికి వేరే పేరు పెట్టుకున్నాం. రోమ్‌లో, బెర్లిన్‌లో జరిగిందీ ఇలాంటిదే, ఎన్నో రెట్లు పెద్ద స్థాయిలో.

1932లో ఇంగ్లండ్‌లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టాడు. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి కేంద్రకం దాన్ని వికర్షించదు, తిన్నగా లోపలికి పోతుంది. రోమ్‌లో ఎన్రికో ఫెర్మీ, ఆయన కుర్ర జట్టు 1934లో దాన్నే పనిముట్టు చేసుకున్నారు. చిన్న గాజు గొట్టంలో బెరీలియం పొడి, రేడాన్ వాయువు వేసి మూసేస్తే అందులోంచి న్యూట్రాన్లు వస్తాయి. ఆవర్తన పట్టికలో మొదటి నుంచి ఒక్కో మూలకాన్నీ తీసుకుని దాని పక్కన పెట్టారు. తయారైన రేడియోధార్మిక పదార్థాల్లో కొన్నింటి ఆయుష్షు ఒక నిమిషం కూడా ఉండదు. కౌంటర్లేమో వరండా అవతలి చివర ఉండేవి, గొట్టం దగ్గరుంటే దాని కిరణాలే లెక్కలోకి వచ్చేస్తాయని. అందుకని సాంపిల్ చేత్తో పట్టుకుని ఆ వరండా పొడవునా పరిగెత్తేవాళ్లు, ఫెర్మీతో సహా.

బరువైన మూలకాల దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు ఒక పద్ధతి కనిపించింది. కేంద్రకం న్యూట్రాన్‌ను మింగుతుంది, తర్వాత ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి వదిలి పట్టికలో ఒక గడి పైకి జరుగుతుంది. మరి అప్పటికి తెలిసిన చిట్టచివరి మూలకం యురేనియం, దాని ప్రోటాన్ల సంఖ్య 92. అది ఒక గడి జరిగితే 93, సృష్టిలో అప్పటిదాకా ఎవరూ చూడని మూలకం. యురేనియంని కొడితే కొత్త రేడియోధార్మికత వచ్చింది. 13 నిమిషాల అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే సమయం) ఉన్న ఒకదాన్ని పట్టుకుని యురేనియం నుంచి సీసం దాకా అన్ని మూలకాలతోనూ పోల్చి చూశారు. వేటితోనూ కలవలేదు. అయితే ఇది 93 అయ్యుండాలి అన్నారు. ఫెర్మీ జాగ్రత్తగానే రాశాడు, "అయ్యుండొచ్చు" అనే. పత్రికలు మాత్రం ఇటలీ కీర్తి అంటూ మోతమోగించాయి.

సీసం దగ్గర ఎందుకు ఆగారు? సీసం సంఖ్య 82, యురేనియంకి పది గడుల దూరం. అప్పటిదాకా చూసిన ప్రతి చర్యలోనూ కేంద్రకం నుంచి ఊడింది ఒక ప్రోటానో, ఒక ఆల్ఫా కణమో (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద). గులకరాయి విసిరితే కొండ పెచ్చు ఊడొచ్చు గానీ కొండ నడిమికి పగలదు కదా. ఆ ఊహ ఎంత సహజంగా ఉందంటే, అది ఊహ అన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

గుర్తున్న మనిషి ఒకరున్నారు. ఇడా నొడాక్, జర్మన్ కెమిస్టు. ఫెర్మీ జట్టు 93 అన్నది రసాయన గుణాల్లో రీనియంలా ఉండాలనుకుంది. ఆ రీనియంని 1925లో కనిపెట్టిన ముగ్గురిలో ఈమె ఒకరు. 1934 సెప్టెంబర్‌లో ఆమె ఒక చిన్న వ్యాసం రాసింది. సీసం దగ్గర ఆగితే కుదరదు, తెలిసిన మూలకాలన్నిటితోనూ పోల్చి చూడాలి, కేంద్రకం కొన్ని పెద్ద ముక్కలుగా పగిలి ఉండొచ్చు కూడా అంది. నాలుగేళ్ల ముందే అన్న మాట ఇది. ఎవరూ పట్టించుకోలేదు. ఆడమనిషి కాబట్టి పట్టించుకోలేదని నేటి రచనల్లో తరచూ కనిపిస్తుంది. అది లేదని అనను. కానీ ఇంకో సంగతీ ఉంది. రీనియంతో పాటు 43వ మూలకాన్ని కూడా కనిపెట్టామని, దానికి మసూరియం అని పేరు పెట్టామని నొడాక్ దంపతులు చెప్పుకున్నారు. దాన్ని ఎవరూ తిరిగి చూపలేకపోవడంతో వాళ్ల మాట మీద నమ్మకం తగ్గింది. పైగా ఆమె చెప్పిన పరీక్షను ఆమె కూడా చేసి చూపలేదు. నాకు ఇక్కడే బాధ. సరైన అనుమానం కాగితం మీద నాలుగేళ్లు ఉండిపోయింది. దాన్ని ఎత్తుకుని ల్యాబ్‌లోకి తీసుకెళ్లే చెయ్యి దొరకలేదు.

ఇక బెర్లిన్. లీజే మైట్నర్ వియన్నాలో 1878లో పుట్టింది, అక్కడే 1906లో ఫిజిక్స్ డాక్టరేట్ తీసుకుని, మరుసటి ఏడు బెర్లిన్ వచ్చింది. అక్కడి కెమిస్ట్రీ సంస్థలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. కిందనున్న పాత వడ్రంగి గదిలో ఆటో హాన్‌తో కలిసి పని మొదలుపెట్టింది. హాన్ కెమిస్టు, ఆమె ఫిజిసిస్టు. ఆ జత 30 ఏళ్లు సాగింది. ప్రొటాక్టినియంని ఇద్దరూ కలిసే కనిపెట్టారు. 1934లో ఫెర్మీ ఫలితాలు చూసి, యురేనియం సంగతి తేల్చుకుందాం రమ్మని హాన్‌ను ఒప్పించింది ఆమే. కొంతకాలానికి ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అనే కుర్ర కెమిస్టు వాళ్లతో చేరాడు. నాజీ పార్టీలో చేరను అని మొండికేసి ఉద్యోగ అవకాశాలు పోగొట్టుకున్న మనిషి. యుద్ధకాలంలో ఒక యూదు మహిళను తన ఇంట్లోనే దాచి కాపాడాడు. బిట్‌లో పేరొక్కటే మిగిలిన ఈయన్ని అందరూ తెలుసుకోవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

ఈ ముగ్గురూ మూడేళ్లకు పైగా యురేనియంలో పుట్టిన పదార్థాలను విడదీసి 93, 94, 95, 96 అని వరసగా పేర్లు పెట్టుకుంటూ పోయారు. వాళ్లను పక్కదారి పట్టించింది ఫిజిక్స్ ఒక్కటే కాదు. అప్పటి ఆవర్తన పట్టికే తప్పుగా ఉంది. యురేనియంని టంగ్‌స్టన్ కింద కూర్చోబెట్టారు కాబట్టి 93 రీనియంలా, 94 ఆస్మియంలా, ఆ తర్వాతవి ఇరిడియం, ప్లాటినంలా ఉండాలి. ఆమ్లంలో కరిగించి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపితే అలాంటి లోహాలు అవక్షేపంగా దిగుతాయి. పంపారు. దిగాయి! నిజానికి దిగినవి చాలావరకు యురేనియం ముక్కలు, పట్టిక నడిమి భాగంలోని మామూలు లోహాలు. తప్పు పట్టిక, తప్పు ఊహ రెండూ కలిసి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. మా పాత కాలమ్ లాగే.

ఇంకా విచిత్రం, అసలైన 93కి తోవ వాళ్ల చేతుల్లోనే ఉంది. 23 నిమిషాల అర్ధాయువుతో ఒక యురేనియం ఐసోటోప్ (అదే మూలకం, భారం మాత్రం వేరు) తయారవుతోందని వాళ్లు సరిగ్గానే గుర్తించారు. అది క్షయమైతే వచ్చేదే 93. వాళ్ల దగ్గరున్న న్యూట్రాన్ల బలానికి అది పట్టుబడలేదు. 1940లో అమెరికాలో మెక్‌మిలన్, ఏబెల్సన్ పట్టుకుని నెప్ట్యూనియం అన్నారు.

రోమ్‌లో మరో అవకాశం జారిపోయింది. అయనీకరణ పెట్టెలో (కణం దూసుకెళ్తే విద్యుత్ స్పందనగా చూపే పరికరం) యురేనియం పెట్టి న్యూట్రాన్లతో కొట్టి చూశారు. యురేనియం తనంతట తానే వదిలే ఆల్ఫా కణాలు అడ్డొస్తాయని దాని మీద పల్చని అల్యూమినియం రేకు కప్పారు. ముక్కలు ఆ రేకులోనే ఆగిపోయాయి. అది లేకపోతే పెద్ద పెద్ద స్పందనలు ఆ రోజే కనిపించేవి. ఆ రేకు గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమంటుంది. మంచి ప్రయోగం చేసేవాళ్లు తీసుకునే మామూలు జాగ్రత్తే అది.

పారిస్‌లో ఇరీన్ క్యూరీ, పావ్లే సావిచ్ మూడున్నర గంటల అర్ధాయువుతో ఒక పదార్థం దొరికిందని, అది ల్యాంథనంలా ప్రవర్తిస్తోందని రాశారు. ల్యాంథనం సంఖ్య 57. అంగుళం దూరం దాకా వచ్చేశారన్నమాట. కానీ ల్యాంథనం "లాంటిది" దగ్గరే ఆగారు. బెర్లిన్ వాళ్లు మొదట నమ్మలేదు.

ఇంతలో 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. యూదు కుటుంబంలో పుట్టిన మైట్నర్‌కి అప్పటిదాకా కాస్తో కూస్తో రక్షణగా ఉన్న ఆస్ట్రియా పాస్‌పోర్టు చిత్తుకాగితమైంది. జులై 13న డచ్ శాస్త్రవేత్త డిర్క్ కోస్టర్ తోడు రాగా రైల్లో సరిహద్దు దాటింది. వయసు 59. బెర్లిన్‌లో 31 ఏళ్ల జీవితంలోంచి చిన్న పెట్టె, పర్సులో పది మార్కులు. దారిలో ఎవరికైనా ఇవ్వాల్సి వస్తుందేమోనని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం చేతిలో పెట్టాడు. చివరికి స్టాక్‌హోమ్ చేరింది. అక్కడ కూర్చోవడానికి చోటిచ్చారు గానీ పరికరాలు లేవు, సహాయకులు లేరు. పని బెర్లిన్‌లో, ఆమె స్వీడన్‌లో. మధ్యలో ఉత్తరాలు.

నవంబర్‌లో కోపెన్‌హేగన్‌లో హాన్ ఆమెను కలిశాడు. బెర్లిన్‌లో అప్పుడు కొత్తగా తేలింది ఏమిటంటే, యురేనియంని కొడితే రేడియం పుడుతోందని. రేడియం 88. అంటే నెమ్మదైన ఒక్క న్యూట్రాన్ తగిలి రెండు ఆల్ఫా కణాలు ఊడాలి. ఫిజిక్స్ ప్రకారం అది కుదరదు, మళ్లీ గట్టిగా పరీక్షించండి అని మైట్నర్ పట్టుబట్టింది. ఆమె మాటకు తమ దగ్గర అంత బరువుంది కాబట్టే వెంటనే ఆ పరీక్షలు మొదలుపెట్టామని స్ట్రాస్‌మన్ తర్వాత రోజుల్లో చెప్పాడు.

ఆ పరీక్షలు ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఇది నా పనికి దగ్గరి విషయం. తయారైన "రేడియం" తూకానికి అందేది కాదు, మహా అయితే కొన్ని వేల పరమాణువులు. అంత తక్కువగా ఉన్నదాన్ని విడిగా అవక్షేపం చెయ్యలేం. అందుకని గుణాల్లో దగ్గరగా ఉండే ఇంకో మూలకాన్ని ఎక్కువ మొత్తంలో కలుపుతారు, దాని బండెక్కి ఇది కూడా వస్తుంది. రేడియంకి ఆ బండి బేరియం. ద్రావణంలోంచి రెండూ కలిసి స్ఫటికాలుగా వస్తాయి. ఇప్పుడు బండిలోంచి దించాలి. వేడి నీళ్లలో కరిగించి చల్లారబెడితే కొంత స్ఫటికంగా కడుతుంది, దాన్ని వడకట్టాలి, మిగిలిన నీళ్లను మళ్లీ చల్లార్చాలి. మేం ల్యాబులో రీక్రిస్టలైజేషన్ అనేది ఇదే, పటికబెల్లం కట్టించినట్టే. రేడియం ఉంటే ముందు కట్టిన స్ఫటికాల్లో ఎక్కువగా చేరుతుంది, చివరి వాటిలో తక్కువ. మేరీ క్యూరీ రేడియంని వేరుచేసింది ఇలాగే.

హాన్, స్ట్రాస్‌మన్ ఆ స్ఫటికాలను వాయిదాలుగా తీసి కౌంటర్ దగ్గర పెట్టారు. మొదటి వాయిదా, రెండోది, మూడోది... అన్నిట్లోనూ ఒకే కొలత. రేడియం దిగనంటోంది. తమ చేతి పని మీదే అనుమానం వచ్చి, డిసెంబర్ 17న అసలైన రేడియం ఐసోటోపును అంతే తక్కువ మోతాదులో కలిపి అదే పరీక్ష చేశారు. అసలు రేడియం చక్కగా విడిపోయింది. యురేనియంలో పుట్టినది మాత్రం బేరియంతోనే ఉండిపోయింది. పద్ధతిలో తప్పు లేదు, చేతిలో తప్పు లేదు. బేరియం నుంచి విడిపోనిది ఇక బేరియమే అవ్వాలి. సంఖ్య 56.

ఆ కంట్రోల్ పరీక్ష నాకు ఆ నాలుగేళ్లలోకెల్లా గొప్ప క్షణం. నచ్చని జవాబు వచ్చినప్పుడు పరికరాన్ని తిట్టకుండా, తెలిసిన సరుకు పెట్టి పరికరాన్నే పరీక్షించారు. మేం కొత్త కాలమ్ వేసి చూడటానికి నాలుగు బ్యాచ్‌లు ఆగాం.

డిసెంబర్ 19 రాత్రి హాన్ మైట్నర్‌కి ఉత్తరం రాశాడు. మా రేడియం బేరియంలా ప్రవర్తిస్తోంది, ప్రస్తుతానికి నీకొక్కదానికే చెప్తున్నాను, ఏదైనా అద్భుతమైన వివరణ నువ్వే ఇవ్వగలవేమో, యురేనియం బేరియంగా పగలడం కుదరదని మాకూ తెలుసు అని. పక్క గదుల్లో ఉన్న తన సంస్థ ఫిజిసిస్టులకు చెప్పకుండా దేశం దాటిపోయిన ఆమెకు చెప్పాడు. జట్టు ఇంకా జట్టే అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు నాకు. ఉత్తరం అందగానే ఆమె జవాబు రాసింది: ఇంత పూర్తిగా పగలడం ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఈ శాస్త్రంలో ఎన్ని వింతలు చూశాం, అసాధ్యం అని ఏదీ కొట్టిపారెయ్యలేం.

హాన్, స్ట్రాస్‌మన్ పేపర్ డిసెంబర్ 22న పత్రికకు వెళ్లింది. కెమిస్టులుగా మేం బేరియం అనే చెప్పాలి, కానీ ఫిజిక్స్ అనుభవం మొత్తానికి ఎదురెళ్లే ఆ అడుగు వెయ్యలేకపోతున్నాం అని అందులో నిజాయితీగా రాశారు. మైట్నర్ పేరు లేదు. దేశం వదిలి పారిపోయిన యూదు మహిళ పేరు ఆ రోజుల్లో జర్మనీలో ఆ పేపర్ మీద వెయ్యడం జరగని పని. అదే పేపర్‌లో ఒక చిన్న కూడిక ఉంది. బేరియం భారం 138, దానికి మసూరియం 101 కలిపితే 239 అని. యురేనియం 238, న్యూట్రాన్ 1 కలిపినా అంతే. భారాలు కలిశాయి. ఆవేశాలు, అంటే ప్రోటాన్ల సంఖ్యలు, కలవవు: 56కి 43 కలిపితే 99, యురేనియంకి ఉన్నది 92. ఏది దొరికిందో వాళ్లకు ఖాయంగా తెలుసు. ఏం జరిగిందో ఇంకా తెలియదు. నా వాదన మొత్తం ఈ కూడికలో ఉంది.

ఆ క్రిస్మస్‌కి మైట్నర్ స్వీడన్ పడమటి తీరాన కుంగాల్వ్ అనే చిన్న ఊళ్లో స్నేహితుల దగ్గరికి వెళ్లింది. అక్క కొడుకు ఆటో ఫ్రిష్ కోపెన్‌హేగన్ నుంచి వచ్చాడు, అతనూ ఫిజిసిస్టే. మన వరసలో ఆమె అతనికి పిన్ని. అతని తండ్రి అప్పటికి డాఖౌ నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. పండగ పూట ఆ ఇద్దరి మనసులు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. ఫ్రిష్ తన ప్రయోగం గురించి చెప్పబోతే ఆమె వినలేదు, హాన్ ఉత్తరం చేతిలో పెట్టింది. ఇద్దరూ మంచులో బయల్దేరారు, అతను స్కీల మీద, ఆమె నడిచి. హాన్ పొరబడ్డాడేమో అన్నాడు ఫ్రిష్. హాన్ అంత మంచి కెమిస్టు, ఇందులో పొరబడడు అంది ఆమె. ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని జేబుల్లో దొరికిన కాగితం ముక్కల మీద లెక్కలు మొదలుపెట్టారు.

కేంద్రకాన్ని గట్టి గోళంలా కాకుండా ద్రవపు బొట్టులా ఊహించవచ్చని జార్జ్ గామోవ్, నీల్స్ బోర్ అప్పటికే చెప్పి ఉన్నారు. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా ఎందుకు ఉంటుంది? తలతన్యత దాన్ని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. కేంద్రకానికీ అలాంటి బిగింపు ఉంది. కానీ లోపల ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ప్రోటాన్లు పెరిగేకొద్దీ ఆ తోపుడు బిగింపును తినేస్తుంది. 92 ప్రోటాన్ల దగ్గరికి వచ్చేసరికి బిగింపు దాదాపు ఏమీ మిగలదని లెక్క తేలింది. అంటే యురేనియం ఒక వణుకుతున్న బొట్టు. నెమ్మదిగా వచ్చిన ఒక్క న్యూట్రాన్ చాలు, అది సాగుతుంది, నడుము సన్నబడుతుంది, రెండు బొట్లవుతుంది. కొండను పగలగొట్టే గులకరాయి అక్కర్లేదు. అసలది కొండే కాదు.

విడిపోయిన రెండు బొట్లూ ధనావేశంతో ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి భయంకరంగా తోసుకుంటాయి. ఆ శక్తి సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). బొగ్గు కాలితే ఒక కార్బన్ పరమాణువు నుంచి వచ్చేది నాలుగు. మరి అంత శక్తి ఎక్కడి నుంచి? కేంద్రకాల భారాల లెక్క మైట్నర్‌కి నోటికి వచ్చు. రెండు ముక్కలూ కలిపితే యురేనియం కంటే ప్రోటాన్‌లో ఐదో వంతు తేలిక అని వేసింది. ఐన్‌స్టీన్ సూత్రంలో పెడితే ఆ ఐదో వంతు భారం సరిగ్గా 20 కోట్ల దగ్గరకే వచ్చింది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే ఇంటి ముందు కలుసుకున్నట్టు. భౌతికంగా కేంద్రక విచ్ఛిత్తి అర్థమైంది ఆ చెట్టు మొద్దు మీద.

దీనికి ఆమె చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. ఆ లెక్క నిజమైతే ఆమె జట్టు మూడేళ్లకు పైగా ప్రకటిస్తూ వచ్చిన 93, 94, 95, 96 అన్నీ తప్పు. పరాయి దేశంలో, 60 ఏళ్ల వయసులో, కొత్తగా బతుకు మొదలుపెట్టేటప్పుడు అది ఏం బాగుంటుందని హాన్‌కి రాసుకుంది కూడా. అయినా లెక్క ఆపలేదు, దాచలేదు. తన పనిని తన చేత్తోనే కొట్టేసి కొత్తది రాసింది. సంతకం పెట్టిన బ్యాచ్ రిపోర్టును వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడిని కాబట్టి ఆమె మీద నాకు అంత గౌరవం.

ఆ తర్వాతంతా చకచకా జరిగిపోయింది. ఫ్రిష్ కోపెన్‌హేగన్ వెళ్లి బోర్‌కి చెప్తే, ఇంత తేలిక విషయం మనకెవరికీ తట్టలేదే అని ఆయన నుదురు కొట్టుకున్నాడు. జనవరి 13న ఫ్రిష్ ముక్కలను నేరుగా పరికరంలో పట్టుకున్నాడు, ఈసారి రేకు అడ్డం లేకుండా. రాత్రంతా పనిచేసి పడుకుంటే పొద్దున్నే టెలిగ్రామ్ వచ్చింది, నాన్నను శిబిరం నుంచి వదిలేశారని. జీవకణం రెండుగా విడిపోవడాన్ని ఏమంటారని అక్కడున్న ఒక అమెరికన్ జీవశాస్త్రవేత్తను అడిగి, ఫిషన్ అనే పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో అదే విచ్ఛిత్తి. బోర్ అమెరికా చేరాక, జనవరి 26న వాషింగ్టన్ సమావేశంలో సంగతి బయటపడింది. కొద్ది రోజుల్లోనే ఎన్నో ల్యాబులు ఆ స్పందనలు చూసేశాయి. నాలుగేళ్లు కనిపించనిది, ఏం వెతకాలో తెలిశాక ఒక్క పూట పని అయింది.

ఆరేళ్ల తర్వాత హిరోషిమా. బాంబు పనికి రమ్మని అడిగితే మైట్నర్ రానంది. హైదరాబాద్‌లో మా ఇంటికి పెద్ద దూరం కాని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచి, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దాకా ఆ చెట్టు మొద్దు దగ్గరి లెక్క నీడ ఉంది. అది ఇంకో పెద్ద వ్యాసం.

1944 కెమిస్ట్రీ నోబెల్‌ను 1945 నవంబర్‌లో ప్రకటించారు, హాన్ ఒక్కడికే. స్ట్రాస్‌మన్‌కీ లేదు. యుద్ధం తర్వాత హాన్, ఇది కెమిస్ట్రీ సాధించిన విజయమని, మైట్నర్ వెళ్లిపోయాకే జరిగిందని చెప్పుకుంటూ వచ్చాడు. స్ట్రాస్‌మన్ మాత్రం మా జట్టుకు మేధోనాయకురాలు ఆమే, ఎక్కడున్నా ఆమె మాలో ఒకరే అని కడదాకా చెప్పాడు. నేను స్ట్రాస్‌మన్ మాటే నమ్ముతాను. హాన్ చేతి పనితనాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు, ఆ స్ఫటికాలు లేకపోతే మైట్నర్‌కి లెక్క వెయ్యడానికి ఏమీ లేదు. కానీ 99 అని తేలే కూడికతో అచ్చయిన పేపర్ దగ్గర కథ ముగిసిందని పిల్లలకు చెప్పడం సరికాదు.

పండగ మర్నాడు పొద్దున్నే మేనకోడల్ని పెరట్లోకి పిలిచాను. తామరాకు లేదు గానీ చేమాకుల మీద మంచు నిలిచి ఉంది. ఒక ఆకు మీద చిన్న బొట్లన్నిటినీ ఒకచోటికి దొర్లించి పెద్ద బొట్టు చేశాను. చిన్నదైతే గోళీలా ఉంది, పెద్దదయ్యేకొద్దీ బల్లపరుపై వణుకుతోంది. పుల్లతో మెల్లగా తాకమన్నాను. తాకింది. సాగింది, నడుము సన్నబడింది, రెండై చెరోవైపు జారాయి. అప్పుడు బెర్లిన్ స్ఫటికాల గురించి, ఉత్తరాల గురించి, మంచులో నడక గురించి చెప్పాను. మధ్యలో వాళ్లమ్మ టిఫిన్‌కి రెండుసార్లు పిలిచింది.

"ఒక ముక్క బేరియం అయితే రెండోది ఏంటి మామయ్యా?" అంది.

"నువ్వే చూడు" అన్నాను.

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చుకుంది. వెనకట్ట మీద ఆవర్తన పట్టిక ఉంది. 92లోంచి 56 తీసేసి, వేలు పెట్టి గడులు వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగింది.

"36. క్రిప్టాన్."